చివరొచ్చినవాళ్ళకే మెడల్

ఆ శనివారం పొద్దున టైలరమ్మ దుకాణంలో నూట నలభై మూడు నత్తగుల్లలు వేలాడుతున్నాయి. పాత గొడుగుల గుడ్డ చుట్టలు చుట్టలుగా కుట్టి, లోపల స్పాంజి కూరి, వీపున తగిలించుకోవడానికి రెండేసి పట్టీలు పెట్టిన గుల్లలు. పూలగుడ్డవి కొన్ని, చారలవి కొన్ని, ఎవరో పారేయబోయిన కర్టెన్‌తో కుట్టిన తళతళలాడే గుల్ల ఒకటి. దుకాణంలోకి వచ్చినవాళ్ళు నడుం వంచుకుని దూరాల్సి వచ్చింది. రెండు నెలలుగా ఆ వీధిలో ఎవరి చొక్కా టైముకి అందలేదు. అడిగినవాళ్ళకి, "నత్తల పనిలో ఉన్నాను, ఆగాలి మరి" అని ఆవిడ మొహమాటం లేకుండా చెప్పేసింది.

ఈ నత్తల గొడవేమిటో తెలియాలంటే ముందు ఆవిడ కూతురి సంగతి తెలియాలి.

ఆ పిల్లని అందరూ నత్త అనేవారు. వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. ఇంటినుంచి బడి అర కిలోమీటరు. ఎంత బద్ధకస్తుడైనా పది నిమిషాల్లో నడిచేస్తాడు. నత్తకి నలభై నిమిషాలు పట్టేది. మురుగుకాలవ మూత మీద అంకెలు చదవాలి. మంగలి షాపు అద్దంలో నాలుక చాపి చూసుకోవాలి. చీమల బారు కనిపిస్తే అవెటు పోతున్నాయో కనుక్కోకుండా కదిలేది కాదు. తల్లి చెయ్యి పట్టి లాగుతూ "పద, పద, పద" అని ఆ రోడ్డు మీద ఎన్ని వేలసార్లు అన్నదో. ఒకసారి బడిలో పరుగుపందెం పెడితే నత్త అందరికన్నా చివర, చేతులూపుకుంటూ, ఎవరి పెళ్ళికో వెళ్తున్నట్టు వచ్చింది.

"చివరొచ్చావు కదే" అన్నది తల్లి.

ఆ పిల్ల తల్లిని జాలిగా చూసింది. "చివరొచ్చినవాళ్ళే గెలిచినట్టమ్మా. ముందొచ్చినవాళ్ళకి ఆట అయిపోయింది కదా. నాకు ఇంకా ఉంది."

ఏడేళ్ళ వయసులో, నాలుగు రోజుల జ్వరంతో ఆ పిల్ల పోయింది. ఎప్పుడూ అందరి వెనకా నడిచే పిల్ల ఇంట్లో అందరికన్నా ముందు వెళ్ళిపోయింది. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

ఆ తరవాత టైలరమ్మకి జనం మీద ఒక కోపం పట్టుకుంది. ఆవిడ ఎక్కడ అడుగుపెట్టినా అక్కడి మాటలు టక్కున ఆగిపోయేవి. పొరపాటున ఎవరైనా నత్త పేరెత్తితే పక్కవాళ్ళు మోచేత్తో పొడిచేవాళ్ళు. గొంతు తగ్గించి "పాపం" అనేవాళ్ళు. ఆ మాటని ఊరవతలికి తరిమే అధికారం తనకెవరైనా ఇస్తే టైలరమ్మ ఇంకేమీ అడిగేది కాదు. పిల్ల పోయింది, సరే. పిల్ల పేరు కూడా పోవాలా?

అందుకే ఏడాదికోసారి, శనివారం పిల్లలకీ ఆదివారం పెద్దలకీ, నత్త పేరు మీద పరుగుపందెం పెట్టింది. ఆ రెండు రోజులూ జనం ఆ పేరుని బ్యానర్ మీద చదవాలి, మైకులో వినాలి, నోరారా పలకాలి. ఆవిడకి కావలసింది అంతే. కానీ మొదటి రెండేళ్ళూ అది మామూలు పరుగే అయింది. రెండుసార్లూ పళ్ళ డాక్టరే మొదట వచ్చి, మెడల్స్ రెండూ తన క్లినిక్‌లో, కుర్చీలో నోరు తెరుచుకున్నవాళ్ళకి ఎదురుగా కనపడేలా తగిలించుకున్నాడు. మిగతావాళ్ళు చెమట తుడుచుకుని, "పాపం" అనేసి ఇళ్ళకి పోయారు. పైగా రెండో ఏడాది పందెం సాగి సాగి బస్సు అరగంట నిలిచిపోయింది. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరమ్మకి ఒళ్ళు మండింది.

"ఈసారికి పది గంటలవరకే రోడ్డు ఇస్తున్నా. పది దాటి ఒక్క నిమిషం అయినా, వచ్చే ఏడాది నుంచి ఈ పందెం మీ పెరట్లో పెట్టుకోండి" అని కాగితం మీద సంతకం చేస్తూ తేల్చి చెప్పింది.

పెరట్లో ఎంతమంది పడతారు? టైలరమ్మ ఆ కాగితాన్ని మడిచి కుట్టుమిషను సొరుగులో పెట్టుకుంది. పది గంటలు అన్నమాట ఆవిడ గుండెలో మేకులా దిగింది.

అయినా ఈ ఏడు పందెం మామూలుగా జరగనివ్వకూడదని నిశ్చయించుకుంది. దారి నత్త బడికి నడిచిన దారే. వేషం నత్త వేషమే. రూలు కూడా నత్త చెప్పిన రూలే: చివరొచ్చినవాళ్ళకే మెడల్.

రూల్సు రాసే పని భర్తకి అప్పజెప్పింది. ఆయన డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు, అందరికీ మాస్టారు. బట్టలు ఆరేసుకోవడానికి కూడా రూల్సు రాసే రకం. వారం రోజులు కూర్చుని రాశాడు. రోడ్డు మీద ఆగకూడదు, కాలు కదులుతూనే ఉండాలి. వెనక్కి నడవకూడదు. పక్కవాళ్ళని ముందుకు తొయ్యకూడదు. నాలుగోది తన తల్లి మోకాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసింది: ఆయాసం వస్తే చేత్తో సైగ చేసి, రోడ్డు పక్కకి తీసి ఆపుకోవచ్చు, అది ఆగినట్టు కాదు. బడి గేటు అందరికన్నా చివర దాటినవాళ్ళే విజేతలు.

"పందెమా, లైసెన్సు పరీక్షా?" అన్నది టైలరమ్మ కాగితం చదివి.

"రోడ్డన్నాక రూలుండాలి" అన్నాడు మాస్టారు.

ఉన్నవన్నీ బాగానే ఉన్నాయి. లేనిదే కొంప ముంచింది. ఎంతసేపట్లో గేటు దాటాలన్నది ఆయన రాయనే లేదు. ఇరవై రెండేళ్ళుగా "నెమ్మది, నెమ్మది" అని జనానికి నేర్పుతున్న మనిషికి, జనం మరీ నెమ్మదిగా పోతే ఏం గతి అన్న ఆలోచన ఎలా వస్తుంది?

శనివారం పిల్లల పందెం మహా సరదాగా గడిచింది. దారిలో చూసినవన్నీ రాసుకు రమ్మని తలో కార్డూ ఇచ్చారు. ఒక పిల్ల "మంగలాయన మాకన్నా పెద్దగా నాలుక చాపాడు" అని రాసింది. ఒకడు చీమలు లెక్కపెడుతూ నాలుగువందల దగ్గర తప్పిపోయి మళ్ళీ మొదటికొచ్చాడు. పిల్లలు కాబట్టి ఆకలేసి అందరూ టైముకి గేటు దాటేశారు. ఆ కార్డులు చదువుతూ టైలరమ్మ పడీ పడీ నవ్వింది. పెద్దవాళ్ళకి ఆకలికన్నా పంతం ఎక్కువని ఆవిడకి ఆ క్షణంలో తట్టలేదు.

ఆదివారం ఏడున్నరకి మాస్టారు విజిల్ ఊదాడు. వంద నత్తలు బయల్దేరాయి. బయల్దేరాయి అనడం మర్యాదకి అనే మాట. ఎవరూ కదిలినట్టు కనపడలేదు.

ముందు వరసలో తళతళలాడే గుల్ల తగిలించుకుని టైలరమ్మ అత్తగారు నిలబడ్డారు. డెబ్బై రెండేళ్ళ మనిషి. "నా మనవరాలి పందెంలో మెడల్ పరాయివాళ్ళు పట్టుకుపోతుంటే రెండేళ్ళు నోరు మూసుకున్నా. ఇప్పుడు నా మోకాళ్ళకి పనికొచ్చే పందెం పెట్టారు. చూస్తా" అని ముందురోజే ప్రకటించారు. ఆవిడ పక్కనే పళ్ళ డాక్టరు. ఆయన నెల రోజులుగా క్లినిక్ వరండాలో నెమ్మదిగా నడవడం సాధన చేశాడట. ఈ చివరినుంచి ఆ చివరికి యాభై నిమిషాలు. ఆలోపు లోపల ఒకాయన బుగ్గ మొద్దుబారి, మళ్ళీ మామూలై, లేచి ఇంటికి పోయాడట.

మాస్టారి దగ్గర బండి నేర్చుకుంటున్నవాళ్ళు పదిమంది విజిళ్ళతో రోడ్డు పొడుగునా కాపలా కాశారు. "చారల గుల్ల! కాలు కదలాలి!" "పూల గుల్ల! రివర్స్ లేదు!" మురుగుకాలవ మూత దగ్గర నత్తలన్నీ గుమిగూడి దాని మీద అంకెలు గొంతెత్తి చదివాయి. మంగలి షాపు ముందు వందమంది వరసగా నాలుకలు చాపారు. అందులో బ్యాంకు మేనేజరు నాలుక కూడా ఉంది. "నత్త ఇక్కడే కదూ అద్దాన్ని ముద్దు పెట్టుకునేది!" అని ఎవరో అరిచారు. "అవును, ఆ మరక తుడవడానికి నా ప్రాణం పోయేది!" అని లోపలినుంచి మంగలాయన అరిచాడు. ఎవరి గొంతులోనూ జాలి లేదు. గేటు దగ్గర మైకు పట్టుకుని నిలబడ్డ టైలరమ్మకి ఆ మాటలు వినపడి కడుపు నిండిపోయింది. పిల్ల పేరు ఇలా, పగలబడి నవ్వుతూ అంటే వినాలని ఎన్నాళ్ళు మొహం వాచిపోయింది!

తొమ్మిదింటికి అందరూ గేటుకి పది అడుగుల దూరంలోకి వచ్చారు. తొమ్మిదింబావుకి ఎనిమిది అడుగుల దూరంలో ఉన్నారు. అసలు తమాషా అక్కడ మొదలైంది. గేటు దాటితే ఓడిపోయినట్టే కదా! ఎవరూ దాటరు. వంద జతల కాళ్ళు అంగుళం లేస్తాయి, అంగుళంలో సగం ముందు పడతాయి. తొయ్యకూడదన్నది రూలు. మర్యాద చెయ్యకూడదని ఏ రూలూ లేదు. అందరికీ ఎక్కడలేని మర్యాదా పుట్టుకొచ్చింది.

"మేనేజరుగారూ, మీరు పదండి."

"అయ్యయ్యో, మీరుండగా నేనా? ఆడవాళ్ళు ముందు."

"మాకు తొందరేం లేదండీ, మీకు ఆఫీసు పనులుంటాయి."

"ఆదివారం ఆఫీసేమిటండీ!"

పళ్ళ డాక్టరు అత్తగారికి వంగి దారి చూపించాడు. "పెద్దవారు. మీరు దాటితేగానీ నేను దాటకూడదు."

"నీ చేతి చలవే నాయనా, నా నోట్లో పళ్ళన్నీ నువ్వు కట్టినవే. అంత ఉపకారం చేసినవాణ్ణి వెనక వదిలి ఎలా పోను? నువ్వే పద."

"ఆ పళ్ళమీదొట్టు, నేను మీ వెనకే."

"పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు డాక్టరూ. నాకు నీళ్ళు తెచ్చి పెట్టుకోవడం కూడా తెలుసు." సంచిలోంచి సీసా తీసి తాగి చూపించారు అత్తగారు.

చూస్తున్నవాళ్ళు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. టైలరమ్మ కూడా నవ్వుతూనే గడియారం చూసుకుంది. తొమ్మిదీ నలభై మూడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఒక్కరూ దాటలేదు!

"ఏమండీ!" అని భర్తని కేకేసింది. "ఎన్నింటికల్లా దాటాలని రాశారు?"

మాస్టారు కాగితం తిరగేసి చూశాడు. వెనకవైపు చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. "అదొక్కటి... రాయలేదే."

"ఇరవై రెండేళ్ళ సర్వీసు!"

"నేను జనానికి బ్రేకు నొక్కడమే నేర్పాను. ఇంతమంది ఒకేసారి నొక్కుతారని అనుకున్నానా?"

అప్పుడే ఇన్‌స్పెక్టరమ్మ మోటార్‌సైకిల్ మీద దిగింది. వెనక రోడ్డు మలుపులో బస్సు వచ్చి నిలబడి, ఒకసారి హారన్ కొట్టింది. ఇన్‌స్పెక్టరమ్మ గడియారం చూసి, నత్తల్ని చూసి, మళ్ళీ గడియారం చూసింది. "పావుగంట ఉందమ్మా. ఇది పావుగంటలో తేలే యవ్వారంలా లేదు. ఆ పైన నా చేతుల్లో ఉండదు."

టైలరమ్మ మైకులో బతిమాలింది. అందరూ "అవునవును, పాపం ఆవిడ మాట వినండి, పదండి" అని పక్కవాళ్ళకి చెప్పారు. ఎవరూ కదల్లేదు. "పాపం" అన్న మాట వినపడగానే టైలరమ్మకి మాత్రం తిక్క రేగింది. చేతిలో మైకు అక్కడే వదిలేసింది.

ఆవిడ మోచేతికి పొద్దున్నుంచీ ఒక చిన్న గుల్ల వేలాడుతోంది. అన్నిటికన్నా ముందు కుట్టినది అదే. మిగతావాటికి అది నమూనా అని అందరికీ చెప్పింది. కొలత తీసుకోకుండానే కుట్టింది. ఏడేళ్ళ పిల్ల వీపు ఎంతుంటుందో ఆ చేతులకి ఒకరు చెప్పాలా? ఇప్పుడు దాన్ని ఒక భుజానికి తగిలించుకుని గేటు వదిలి, గుంపు పక్కనుంచి బరబరా నడిచి, అందరికన్నా వెనక, చివరి నత్త కన్నా రెండడుగులు వెనక వచ్చి నిలబడింది.

"ఇటు వినండి!" మైకు లేకుండానే అరిచింది. దుకాణంలో ఐదు మిషన్ల చప్పుడు మీద అరిచి అలవాటైన గొంతు. "మీరెవరూ గెలవరు. చివరి చోటు ఎప్పుడో నిండిపోయింది. ఈ రోడ్డు మీద చివర నడిచేది మా నత్త. దాని వెనక నడవడం నా వల్లే కాలేదు, మీవల్ల ఏమవుతుంది? ఇదిగో, దాని గుల్ల. ఇది మీ అందరి తరవాతే దాటుతుంది. ఇంక పదండి. పద, పద, పద!"

ఆ మూడు మాటలూ ఆ రోడ్డు మీద ఆవిడ గొంతులోంచి మూడేళ్ళ తరవాత వచ్చాయి. తనకే ఆశ్చర్యమేసింది.

మేనేజరు "ఓడిపోయాం బాబోయ్!" అని అరుస్తూ గేటులోకి పరుగు తీశాడు. ఇంకేముంది, కట్ట తెగినట్టు అందరూ ఉరికారు. గుల్లలు ఎగిరెగిరి పడ్డాయి. ఒకాయన గుల్ల ఊడి దొర్లుకుంటూ ఆయనకన్నా ముందు గేటు దాటింది. చివరికి ఇద్దరే మిగిలారు. ఇద్దరూ ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు.

"ఏమంటావు డాక్టరూ?"

"మీరే చెప్పండమ్మా."

"మనవరాలి చేతిలో ఓడితే నాకు నామోషీ లేదు. నీకేమైనా ఉందా?"

"లేదండీ."

"అయితే చెయ్యివ్వు, మోకాలు పట్టేసింది" అన్నారు అత్తగారు. ఇద్దరూ చేతులు పట్టుకుని ఒకేసారి గేటు దాటారు. ఎవరు ముందు దాటారన్న తగవు మాత్రం ఇప్పటికీ తేలలేదు.

రోడ్డు మీద టైలరమ్మ ఒక్కతే మిగిలింది. తొమ్మిదీ యాభై ఆరు. గేటు లోపలినుంచి వందమంది "నత్తా! నత్తా!" అని గొంతు చించుకుంటున్నారు. వాళ్ళలో ఒకరిద్దరు ఏడుస్తున్నారు కానీ అరవడం ఆపలేదు. ఆవిడ నడిచింది. ఎనిమిది అడుగులు ఆరయ్యాయి, నాలుగయ్యాయి. రెండడుగుల దూరంలో కాళ్ళు ముందుకు పడక మొరాయించాయి. ఆగకూడదని రూలు కాబట్టి ఉన్నచోటే ఆడుతున్నాయి.

ఈ గేటులోకే రోజూ పిల్లని లాక్కొచ్చి వదిలేది. లోపలికి వెళ్ళేముందు పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి చూసేది. టైలరమ్మ అప్పటికే దుకాణం వైపు సగం తిరిగి ఉండేది. ఇప్పుడు ఈ గీత దాటితే ఆట అయిపోతుంది. ముందొచ్చినవాళ్ళకి అయిపోయినట్టే, తనకీ అయిపోతుంది. దాటకపోతే వచ్చే ఏడాది ఆటే ఉండదు.

"అమ్మా, రెండు నిమిషాలు" అన్నది ఇన్‌స్పెక్టరమ్మ. గొంతులో కోపం లేదు, భయముంది. "దాటెయ్యండమ్మా."

టైలరమ్మ భర్త వైపు చూసింది. ఆయన కాగితం పట్టుకుని గేటు పక్కన నిలబడి ఉన్నాడు. మూడేళ్ళుగా కూతురి మాట వస్తే పక్కగదిలోకి వెళ్ళిపోయే మనిషి ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళలేదు. స్టీరింగు ముందు వణికే కొత్తవాళ్ళతో మాట్లాడే గొంతుతో, నిదానంగా అన్నాడు:

"కంగారు పడకు. నాలుగో రూలు."

"ఏంటది?"

"చెయ్యి బయటికి చాపు. సైగ చెయ్యి. పక్కకి తియ్యి."

ఆవిడ చెయ్యి చాపింది. పెళ్ళయిన కొత్తలో ఆయన నేర్పిన సైగే, మరిచిపోలేదు. చెయ్యి ఊపుతూ, గుల్ల జారిపోకుండా పట్టుకుని, రోడ్డు దిగి, గేటుకి రెండడుగుల ఇవతల ఫుట్‌పాత్ మీదికి ఎక్కింది. బస్సు హారన్ కొట్టుకుంటూ ముందు నుంచి వెళ్ళిపోయింది. కిటికీల్లోంచి జనం చేతులూపారు.

"అయితే పందెం అయిందా, లేదా?" ఇన్‌స్పెక్టరమ్మ పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది. "ఏదో ఒకటి రాసుకోవాలి నేను."

"రోడ్డు ఖాళీయా?" అన్నాడు మాస్టారు.

"ఖాళీ."

"టైమెంత?"

"తొమ్మిదీ యాభై తొమ్మిది."

"అదే రాసుకోండి. ఆవిడ ఆగలేదు. పక్కకి తీసి ఆపింది. పందెం నడుస్తూనే ఉంది."

"మరి ఈ రెండడుగులూ?"

"వచ్చే ఏడాది" అన్నాడాయన. భార్య చీర మీద తొడుక్కున్న చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే టైలరు సుద్ద తీసుకుని, ఆవిడ కాలి ముందు ఫుట్‌పాత్ మీద ఒక గీత గీశాడు. గీత వంకరపోయింది. "మా నత్త ఇక్కడిదాకా వచ్చింది. ఇక్కడినుంచే మళ్ళీ మొదలు. నడుస్తున్న పందేనికి మీరు రోడ్డు ఇవ్వననలేరు కదా?"

ఇన్‌స్పెక్టరమ్మ ఆయన్నీ, ఆ వంకర గీతనీ మార్చి మార్చి చూసింది. తరవాత రాసుకుంది: రోడ్డు టైముకి ఖాళీ అయింది, పందెం ఇంకా నడుస్తోంది. పెన్ను మూతపెట్టి, ముక్కు ఎగబీల్చి, "వచ్చే ఏడు ముందుగా దరఖాస్తు పెట్టండి, మళ్ళీ చివర్లో కాదు" అని కసిరి వెళ్ళిపోయింది.

లోపల అత్తగారు మెడల్ ఎవరికని వాదిస్తున్నారు. ఆట అవకుండా మెడలేమిటని డాక్టరు అంటున్నాడు. నవ్వులు రోడ్డు దాకా వస్తున్నాయి.

టైలరమ్మ చిన్న గుల్లని ఒళ్ళో పెట్టుకుని, గీత పక్కనే ఫుట్‌పాత్ మీద కూర్చుంది. మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు.

"పద, లోపల అందరూ నీకోసం చూస్తున్నారు."

ఆవిడ తలెత్తలేదు. గోడ పగులులోంచి చీమల బారు ఒకటి బయల్దేరి, సుద్దగీత దగ్గర కాస్త తడబడి, దాన్ని దాటుకుని పోతోంది.

"ఉండండి" అన్నది. "ఇవెటు పోతున్నాయో చూసి వస్తా."

ఆయన కాసేపు నిలబడి చూశాడు. తరవాత తనూ పక్కన చతికిలబడ్డాడు.